తెరమీది ప్రతికి ‘జబ్త్’ ఉందా? – పఠన యాప్‌లపై ఒక పరిశీలన

2018 ఫిబ్రవరిలో కొద్దిరోజులపాటు తెలుగు లిపి ప్రపంచ పత్రికలన్నిటికీ ఎక్కింది. అందుకు కారణం ఏ కావ్యమో, ఏ శాసనమో అయితే సంతోషించేవారే. అసలు సంగతి వేరు. ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న ఐఫోన్లకు ‘జ్ఞా’ అనే అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో సందేశంగా వస్తే, దాన్ని తెరమీద చూపబోయిన యాప్ ఆగిపోయేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ ఆగిపోయేది. ఆ సందేశం ప్రకటనల పట్టీలో కనిపించవలసి వస్తే ఫోను మొత్తమే మొరాయించేది. ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి ఆపిల్ సంస్థ ఈ లోపాన్ని సరిచేసింది. ‘జ్ఞా’ అనేది ‘జ్ఞానం’ అనే మాటకు మొదటి అక్షరం. అరబ్బీలోని ‘ఇల్మ్’ అనే పదానికి సమానంగా తెలుగు ముస్లిం రచయితలు దశాబ్దాలుగా వాడుతూ వస్తున్న మాట కూడా అదే.

‘ఒక తెలుగు అక్షరం ఫోన్లను కూల్చివేసింది’ అనే ధోరణిలోనే పత్రికలు చాలావరకు రాశాయి. ఇందులో అక్షరం చేసిన నేరమేమీ లేదు. జకారం, పొల్లు, ఞకారం, దీర్ఘం అనే నాలుగు సంకేతాలతో రోజూ అందరూ రాసే ‘జ్ఞా’ ఏ ఫోనునూ ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బంది పెట్టిన కూర్పులో ఞకారానికీ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఐదవ సంకేతం ఒకటి ఉంది. ఇటువంటి కూర్పులు బెంగాలీలోనూ దేవనాగరిలోనూ కూడా ఫోన్లను ఆపివేశాయని ఆ రోజుల్లోనే నిపుణులు తేల్చారు.

ఆ కనిపించని సంకేతాన్ని యూనికోడ్‌లో ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అంటారు. రెండు హల్లులు ఒకదాని కింద ఒకటి వత్తుగా చేరకుండా విడిగా నిలపడం దాని పని. సంస్కృత పదాలు రాసేవారికి దాని అవసరం అంతగా రాదు. అరబ్బీ పదాలను తెలుగులో రాసేవారికి మాత్రం అది అడుగడుగునా కావాలి. ‘ముస్‌హఫ్’, ‘మస్‌జిద్’, ‘అల్‌హమ్‌దు’ వంటి మాటల్లో సుకూన్ ఉన్న హల్లును పొల్లుతో విడిగా చూపాలంటే ఈ సంకేతం లేనిదే కుదరదు. సాఫ్ట్‌వేర్ నిర్మాతలు సరిగా పరీక్షించక వదిలిన ఈ మూల గుండానే తెలుగు ముస్లిం పాఠకుడు రోజూ నడుస్తున్నాడన్నమాట. అందువల్ల పఠన యాప్‌ల నాణ్యత విషయం ఇంజనీర్లు చూసుకుంటారులే అని ఊరుకోదగినది కాదు.

గోదావరి డెల్టాలోని రామచంద్రపురం వంటి ఊరిని తీసుకుంటే ఈ సంగతి మరింత తేటతెల్లమవుతుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడి, బడిలో తెలుగు మాధ్యమంలో చదువుకుని, మస్‌జిద్‌లోని మక్తబ్‌లో అరబ్బీ అక్షరాలు నేర్చుకున్న పాఠకుడు అక్కడ సర్వసాధారణం. అతనికి ఖుర్ఆన్ అనువాదమో, హదీసు సంకలనమో తెలుగులో కావాలంటే ఒకప్పుడు హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో పుస్తకం రావాలి. వచ్చిన పుస్తకాన్ని నిలబెట్టుకోవడం మరో పని. డెల్టా గాలిలోని చెమ్మ కాగితాన్ని బతకనివ్వదు. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుఫాను చూసిన కుటుంబాలకు అల్మరాల్లోని పుస్తకాలు ఏమయ్యాయో ఒకరు చెప్పవలసిన పని లేదు. అటువంటి చోట అరచేతిలో ఇమిడే పరికరంలో గ్రంథాలయమంతా దొరకడం గొప్ప సౌకర్యమే. ఈ మేలును కాదనేవారు చాదస్తులు. అయితే మేలు ఎంత పెద్దదైతే నమ్మకం అంత ఎక్కువగా పెట్టుకుంటారు. ఎదురుగా ముద్రిత ప్రతి లేని పాఠకుడికి తెరమీద కనిపించిందే మూలం.

యాప్‌ల మంచిచెడ్డలు చెప్పే రాతలకు నేడు కొదవ లేదు. తెర ఎంత వెలుగునిస్తుంది, బ్యాటరీ ఎన్నాళ్ళు వస్తుంది, రంగులు ఎలా ఉన్నాయి, ఎన్ని నక్షత్రాలు వచ్చాయి అనేవే అందులో కొలతలు. పాఠం మూలానికి నమ్మకంగా ఉందా అన్న ప్రశ్న వాటిలో అరుదు. ఈ ప్రశ్నను శాస్త్రంగా మలచినవారు హదీసు విద్వాంసులు. ఒక రావీని అంగీకరించడానికి వారు రెండు గుణాలు కోరారు. ఒకటి ‘అదాలత్’, అంటే నడవడిలో నిజాయితీ. రెండవది ‘జబ్త్’, అంటే విన్నదాన్ని విన్నట్టు, రాసుకున్నదాన్ని రాసుకున్నట్టు చెక్కుచెదరకుండా అందించగల ఖచ్చితత్వం. రాసుకున్న ప్రతిని భద్రపరిచి, అది మారిపోకుండా చూసుకోవడాన్ని ‘జబ్తె కితాబ్’ అని వేరుగా పేర్కొన్నారు. ప్రతి రాశాక మూలంతో పోల్చి చూసుకోవడాన్ని ‘ముఖాబలా’ అన్నారు. హి.శ. 643లో మరణించిన ఇబ్నుస్సలాహ్ తన ప్రసిద్ధ గ్రంథంలో ఈ పోలిక గురించి వివరంగా చర్చించారు. పఠన యాప్ చేసే పని కూడా ప్రతి రాసి అందించడమే కాబట్టి అదే కొలబద్ద దీనికీ వర్తిస్తుంది.

చుక్కల తారుమారు వల్ల పదం మారిపోవడాన్ని ఆ విద్వాంసులు ‘తస్‌హీఫ్’ అన్నారు. హి.శ. 382లో మరణించిన అబూ అహ్మద్ అల్ అస్కరీ ఈ ఒక్క విషయం మీదే గ్రంథం రచించారు. యంత్రం రంగంలోకి దిగాక తస్‌హీఫ్ పోతుందనుకుంటే అది పెరిగింది. 1537-38లో వెనిస్ నగరంలో పగనీని కుటుంబం అరబ్బీ ఖుర్ఆన్‌ను అచ్చువేసింది. అచ్చు అక్షరాలతో వెలువడిన మొదటి పూర్తి ప్రతి అది. అందులో ‘దాల్’కూ ‘జాల్’కూ తేడా సరిగా లేదు. స్వరచిహ్నాలు అసంపూర్ణం. ముస్లిం పాఠకుల కోసం అచ్చయిందని భావించే ఆ ముద్రణ వారి ఆదరణ పొందనేలేదు. ప్రతులన్నీ నశించాయనే పండితులు చాలాకాలం అనుకున్నారు. 1987లో ఒకే ఒక ప్రతి వెనిస్‌లోని ఒక మఠ గ్రంథాలయంలో బయటపడినట్టు లోకానికి తెలిసింది. దాదాపు ఐదు శతాబ్దాల కిందటి ముద్రాపకుడికి ఆ భాష చదివేవారితో చూపించుకుని దిద్దుకోవాలన్న ధ్యాస లేకపోయింది. ఈనాటి సాఫ్ట్‌వేర్ నిర్మాతల్లో కొందరిది అదే పరిస్థితి.

రామచంద్రపురం పాఠకుడు మక్తబ్‌లో నేర్చుకున్నది భారత ఉపఖండంలో వాడుకలో ఉన్న ముస్‌హఫ్ లిపి. ఎక్కువ యాప్‌లు తెరవగానే చూపేది మదీనా ముస్‌హఫ్ లిపి. రెండూ ప్రామాణికమే. గుర్తులు మాత్రం వేరు. మదీనా ముస్‌హఫ్‌లో అక్షరం మీద చిన్న గుండ్రని సున్న ఉంటే ఆ అక్షరాన్ని పలకకూడదని అర్థం. ఆ పద్ధతి ఎరుగని కంటికి అది జజమ్‌లా తోస్తుంది. దీన్ని అజ్ఞానమని కొట్టిపారేయరాదు. పాఠకుడికి తెలిసిన లిపిని ముందుగా అడిగి చూపడం యాప్ బాధ్యత. ఇంతకంటె చిక్కు మరొకటి ఉంది. ఒక లిపి కోసం సిద్ధపరచిన పాఠానికి మరొక లిపి ఫాంటు తగిలిస్తే కొన్ని గుర్తుల స్థానంలో ఖాళీ గడులు వస్తాయి, కొన్ని అసలే మాయమవుతాయి. గడి వస్తే పాఠకుడు అనుమానిస్తాడు. తప్పక ఆగవలసిన చోట ఉండే చిన్న ‘మీమ్’ మాయమైతే మాత్రం ఆగకుండా చదివి ముందుకు పోతాడు. చడీచప్పుడు లేకుండా వచ్చే ఈ రెండవ రకం దోషమే ప్రమాదకరం.

ఇటువంటి యాప్‌లలోనే జతచేసి ఇచ్చే నమాజు వేళలదీ ఇదే కథ. ఊరు సరిగా గుర్తించక హైదరాబాదు వేళలే చూపితే, అంతకు తూర్పున మూడున్నర డిగ్రీల రేఖాంశం దూరంలో ఉన్న రామచంద్రపురానికి దాదాపు 14 నిమిషాల తేడా వస్తుంది. రమ్‌జాన్‌లో సహరీ ముగిశాక కూడా తింటూ ఉండిపోవడానికి ఆ 14 నిమిషాలు చాలు.

ఇక తెలుగు విషయం. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచీ స్థానం ఉంది. అయినా ఆండ్రాయిడ్ వ్యవస్థలో తెలుగుకు సహజంగా చోటు దొరికింది 2012లో వెలువడిన 4.1తోనే. అంతకుముందు చాలా ఫోన్లలో తెలుగు పుటకు బదులు గడుల వరుసలే కనిపించేవి. 2016 డిసెంబరులో అమెజాన్ తన కిండిల్‌లో ఐదు భారతీయ భాషల పుస్తకాలను ప్రవేశపెట్టింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఆ జాబితాలో ఉన్నాయి, తెలుగు లేదు. కోట్లమంది మాట్లాడే భాషకు ఇది న్యాయమా అని అడగడం సబబే. కాని తప్పంతా బయటివారి మీదకు నెట్టి చేతులు దులుపుకోవడం విమర్శ అనిపించుకోదు.

తెలుగు ఇస్లామీ సాహిత్యాన్ని పాఠకుడికి ఎలక్ట్రానిక్ రూపంలో అందిస్తున్నవారు చాలావరకు చేస్తున్నదేమిటి? అచ్చుకోసం అను ఫాంట్లలో కూర్చిన పుటలను అలాగే పీడీఎఫ్‌గా మార్చి వదలడం. చూడటానికి అది తెలుగే. లోపల నిల్వ ఉన్నది మాత్రం రోమన్ అక్షరాలకు కేటాయించిన సంకేతాలు. అందులో ఒక మాట వెతికితే దొరకదు. ఒక వాక్యం నకలు తీస్తే అర్థం లేని గీతలు వస్తాయి. చూపు లేనివారి కోసం చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అది పూర్తిగా మూగపుస్తకం. ఆరంగుళాల తెర మీద అక్షరం పెంచితే పుట పక్కకు జారిపోతుంది, ప్రతి పంక్తికీ వేలితో అటూ ఇటూ లాగాలి. డెబ్బై ఏళ్ళ పాఠకుడు రెండు పుటలు ఇలా లాగి పరికరాన్ని మనుమడికి ఇచ్చేస్తాడు. యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు లేకపోలేదు. మార్చిన తర్వాత అక్షరం అక్షరం దిద్దాలి. ఆ దిద్దుబాటుకు మనిషిని పెట్టడమే ప్రచురణకర్తలు తప్పించుకుంటున్న ఖర్చు.

యూనికోడ్‌లోకి మార్చి దిద్దిన పుస్తకాల్లో సైతం అమరిక దోషాలు వెంటాడతాయి. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు సరిపోయేటట్టు పంక్తుల మధ్య దూరం పెడితే ‘శాస్త్రం’ వంటి మాటలో కింది వత్తులు తరువాతి పంక్తికి తగులుకుంటాయి. అరబ్బీలో పైనున్న చిహ్నాలు తెగిపోతాయి. తెలుగు వాక్యం మధ్యలో అరబ్బీ పదబంధం వస్తే ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు నడిచే రెండు లిపులు ఒకే పంక్తిలో కలవాలి. ఈ కలయికను సరిగా పరీక్షించని యాప్‌లో ఆయతు సంఖ్య తప్పుచోటికి పోతుంది, బ్రాకెట్లు తలకిందులవుతాయి. ఒక ఆయతు సంఖ్య పక్క ఆయతుకు అంటుకుంటే దాన్ని ఉటంకించే వక్త తప్పు ఉటంకిస్తాడు. ఆ మాట విన్నవారు ఇంటికి పోయి అదే చెబుతారు.

వెతుకులాట సంగతి చెప్పనక్కరలేదు. ‘ఖుర్ఆన్’, ‘ఖురాన్’, ‘కురాన్’, ‘ఖురాను’ అని తెలుగులో నాలుగైదు విధాలుగా రాస్తారు. ఒకటి వెతికితే మరొకటి రాదు. గోదావరి ప్రాంతపు తెలుగు ముస్లిం కవుల్లో సుప్రసిద్ధులైన పిఠాపురం ఉమర్ ఆలీషా (1885–1945) పేరునే ‘ఉమర్ అలీషా’ అనీ, ‘ఆలీ షా’ అని విడదీసీ రాస్తుంటారు. ‘ముస్‌హఫ్’ అని కనిపించని సంకేతంతో రాసిన మాటనూ, అది లేకుండా ‘ముస్హఫ్’ అని రాసిన మాటనూ రెండు వేర్వేరు మాటలుగా భావించే యాప్‌లు ఉన్నాయి. ఉచ్చారణ దగ్గరకొస్తే చిక్కు మరింత లోతు. తెలుగు లిపిలో ‘ఖాఫ్’కూ ‘ఖే’కూ కలిపి ఉన్నది ఒకే ‘ఖ’కారం. కొందరు ‘ఖాఫ్’ను కూడా ‘క’ అనే రాస్తారు. అలా రాసినప్పుడు హృదయం అనే అర్థమున్న మాటా, కుక్క అనే అర్థమున్న మాటా రెండూ ‘కల్బ్’ అయిపోతాయి. తెలుగు లిప్యంతరం చూసి దుఆ కంఠస్థం చేసేవారికి యాప్ ఇవ్వవలసిన సహాయం ఇక్కడే కావాలి. ఏ అరబ్బీ అక్షరానికి ఏ తెలుగు అక్షరం వాడారో చెప్పే పట్టిక ఒకటి మొదట ఉంచితే చాలు. పాత ముద్రిత పుస్తకాల ముందుమాటల్లో అటువంటి పట్టిక ఇచ్చే మర్యాద ఉండేది. యాప్‌లకు వచ్చేసరికి ఆ మర్యాద ఎక్కడో జారిపోయింది.

పుస్తకానికీ యాప్‌కూ ఉన్న అతిపెద్ద భేదం ‘అప్‌డేట్’ అనే ప్రక్రియ. అచ్చుపుస్తకం ఒకసారి సరిచూస్తే సరిచూసినట్టే నిలుస్తుంది. యాప్ నిన్న సరిగా ఉండి రాత్రికి రాత్రి మారవచ్చు. హదీసు విమర్శకులకు ఈ పరిస్థితి కొత్త కాదు. నమ్మకస్తుడైన రావీకి వార్ధక్యం వల్లనో, పుస్తకాలు పోవడం వల్లనో తడబాటు వస్తే దాన్ని ‘ఇఖ్తిలాత్’ అన్నారు. హి.శ. 174లో మరణించిన ఈజిప్టు ఖాజీ అబ్దుల్లాహ్ బిన్ లహీఆ పుస్తకాలు కాలిపోయాయని, ఆ తర్వాతి ఉల్లేఖనాలలో పొరపాట్లు దొర్లాయని వారు చెబుతారు. అందుచేత ముందుగానే ఆయన వద్ద విన్న అబ్దుల్లాహ్ బిన్ ముబారక్, అబ్దుల్లాహ్ బిన్ వహబ్ వంటివారి ఉల్లేఖనాలకు ఎక్కువ విలువ ఇచ్చారు. ఎవరు ఎప్పుడు విన్నారన్న తేదీ ఇందులో కీలకం. యాప్ విషయంలోనూ ఏ తేదీ ప్రతిలో ఏమి మార్చారో రాసి ఉంచకపోతే తప్పు ఎప్పుడు చొరబడిందో పట్టుకునే దారే ఉండదు. ‘చిన్న దోషాలు సరిచేశాం’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టే నిర్మాతలు ఈ తేదీల విలువ గుర్తించలేదు.

తెరమీది ప్రతి ఎవరి చేతిలో ఉంటుందన్నది మరో ప్రశ్న. 2009 జూలైలో అమెజాన్ జార్జి ఆర్వెల్ నవలలు రెండింటిని, అమ్మినవారికి హక్కులు లేవన్న కారణంగా, కొన్నవారి కిండిళ్ళ నుంచి దూరం నుంచే తొలగించింది. సొమ్ము తిరిగి ఇచ్చింది, విమర్శలు వచ్చాక క్షమాపణ కూడా చెప్పింది. ఒక విద్యార్థి పుస్తకం పక్కన రాసుకున్న వ్యాఖ్యలు మాత్రం దేనికీ అతకకుండా మిగిలాయి. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసివేసినప్పుడు కొన్న పుస్తకాలన్నీ తెరుచుకోవడం మానేశాయి. అప్పుడూ డబ్బు వాపసు వచ్చింది, వ్యాఖ్యలు రాసుకున్నవారికి అదనంగా 25 డాలర్లు ఇచ్చారు. ఏళ్ళ తరబడి తఫ్‌సీర్ పక్కన గురువు చెప్పిన మాటలు రాసుకున్న పాఠకుడికి ఈ లెక్క ఎలా తోస్తుందో ఊహించవచ్చు.

ఇది జబ్త్ విషయం. అదాలత్ విషయంలోనూ ఉదాహరణ ఉంది. వేళలు, ఖిబ్లా దిశ, ఖుర్ఆన్ పాఠం అన్నీ అందించే ముస్లిం ప్రో అనే యాప్ నుంచి వాడుకరుల స్థానవివరాలు ఎక్స్-మోడ్ అనే సంస్థకు చేరుతున్నాయని, ఆ సంస్థ నుంచి సమాచారం కొనేవారిలో అమెరికా సైనిక కాంట్రాక్టర్లు ఉన్నారని 2020 నవంబరులో మదర్‌బోర్డ్ పత్రిక బయటపెట్టింది. వెంటనే ఆ సంస్థతో సంబంధం తెంచుకుంటున్నట్టు యాప్ నిర్వాహకులు ప్రకటించారు. పాఠంలో ఒక్క తప్పు లేకపోయినా చదువుతున్న మనిషి ఎక్కడున్నాడో మరొకరికి చెప్పే గ్రంథం ముద్రణాయుగంలో ఎవరూ ఎరుగనిది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ‘ఈ యాప్‌లలో ఎన్నో ఉచితం. సవాబు కోసం ఎవరో కుర్రవాళ్ళు రాత్రుళ్ళు కూర్చుని చేసినవి. వాటిని ఇంతగా చీల్చి చూడటం తగునా?’ అని. ఈ భావన మంచి మనసుతో వచ్చినదే. అయితే జర్హ్, తాదీల్ శాస్త్రం పుట్టిందే ఈ భావనకు సమాధానంగా. రాత్రంతా నమాజులో గడిపే సజ్జనుడైనా జ్ఞాపకశక్తి బలహీనమైతే ఆ మాట పైకే చెప్పి అతని ఉల్లేఖనాన్ని పక్కన పెట్టారు. అతని దైవభక్తిని శంకించలేదు, గౌరవం తగ్గించలేదు. సదుద్దేశం ఒక గుణం, ఖచ్చితత్వం మరొక గుణం అని వేరుచేసి చూశారు. ఉచితమనే మాట ఈ రెండవదానికి జవాబు కాజాలదు. పైగా తప్పు తెలిపినవారి మీద ‘దీనీ సేవను విమర్శిస్తున్నారు’ అని కసురుకునే అలవాటు వల్ల తప్పు దిద్దుకోవలసినవారికి అది చేరకుండానే పోతోంది.

సరిగా చేసినవారు లేకపోలేదు. 2007లో మొదలైన తన్‌జీల్ ప్రాజెక్టు ఖుర్ఆన్ పాఠాన్ని యూనికోడ్‌లో సిద్ధం చేసేటప్పుడు మొదట యంత్రంతో నియమాల ప్రకారం పరీక్షించింది. తర్వాత మదీనా ముస్‌హఫ్‌తో మనుషుల చేత పోల్చి చూపించింది. పాఠాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చడానికి మాత్రం అనుమతి లేదని షరతు పెట్టింది. ప్రాచీన ముఖాబలాకు ఇది కంప్యూటరు రూపం. ఖుర్ఆన్ అనువాదాలను ఒకచోట చేర్చిన ‘ఖుర్ఆన్ఎన్‌సీ’వారు అబ్దుర్రహీమ్ బిన్ ముహమ్మద్ గారి తెలుగు అనువాదాన్ని అందిస్తూ దానికి ప్రతి సంఖ్య కూడా చూపుతున్నారు. ఇది చిన్న ఏర్పాటులా కనిపించినా, ఏ ప్రతిలో ఏ మాట ఉందో పోల్చుకునే వీలు దీనివల్లే కలుగుతుంది. తక్కిన తెలుగు ప్రచురణ సంస్థలు కనీసం ఇంతవరకైనా ఎందుకు రాలేకపోతున్నాయన్నది ఆలోచించవలసిన విషయం.

ముఖాబలాకు పెద్ద సరంజామా అక్కరలేదు. రామచంద్రపురంలోనైనా, మరే ఊరిలోనైనా ఇషా తర్వాత అరగంట చాలు. ఒకరు అచ్చు ప్రతి పట్టుకుని చదవాలి, మరొకరు తెర చూడాలి. అరబ్బీలో ఒక పుట వక్ఫ్ చిహ్నాలతో సహా చూడాలి. అనువాదంలో ఒక పుట, ఆయతు సంఖ్యలు ఒక్కొక్కటే సరిచూడాలి. ‘ముస్‌హఫ్’ అనే మాటను రెండు విధాలుగా రాసి వెతకాలి. అక్షరం పెద్దది చేసి ‘శాస్త్రం’ కింది వత్తు తెగిందేమో చూడాలి. నెట్ ఆపివేసి పుస్తకం తెరుచుకుంటుందో లేదో చూడాలి. స్థానవివరాలు అడిగితే ఎందుకని అడగాలి. దొరికిన తేడాలను యాప్ పేరు, ప్రతి సంఖ్య, తేదీ, ఫోను రకంతో సహా ఒక కాగితం మీద రాసి నిర్మాతకు పంపాలి. అప్‌డేట్ వచ్చిన మరుసటి వారం అదే కాగితం పట్టుకుని అవే పుటలు మళ్ళీ చూడాలి.